చట్టం చేసే పని జనం చేతికిస్తే: గ్రామసభ రిజిస్టర్ నుంచి స్విట్జర్లాండ్ బ్యాలెట్ దాకా

క్లుప్తంగా: జనమే నేరుగా చట్టాలు చేసుకోవడం అనే మాటలో మూడు వేర్వేరు అధికారాలున్నాయి. అసెంబ్లీ చేసిన చట్టాన్ని ఆపడం, కొత్త చట్టాన్ని ప్రతిపాదించడం, ఓటు వేసి దాన్ని ఖాయం చేయడం. మన దేశంలో రాష్ట్ర స్థాయిలో గానీ దేశ స్థాయిలో గానీ ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. రాయలసీమ లాంటి ప్రాంతం వైపు నుంచి చూస్తే ముందు రావాల్సింది ఆపే అధికారం. రహస్య ఓటు, ప్రాంతాలకు రక్షణ, తెలుగులో చట్టం పాఠం, ఈ మూడూ దాంతో పాటే రావాలి.

2024 ఎన్నికల ముందు కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఇళ్లలో ఒక ఇంగ్లిష్ పేరు బాగా నలిగింది, ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్. మన పొలం మనదేనని మళ్లీ ఎవరికి రుజువు చూపాల అన్నది జనం ప్రశ్న. ఆ చట్టాన్ని శాసనసభ 2022లో చేసింది, 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది, 2024లో ప్రభుత్వం మారగానే రద్దయింది. దాని ఉద్దేశం చిన్నదేం కాదు. ఇప్పుడున్న అడంగల్, వన్‌బీ లాంటి రికార్డులు ఫలానా వాళ్లు యజమాని కావచ్చు అని చెబుతాయే తప్ప ఖాయం చేయవు, వాటి బదులు తిరుగులేని హక్కు రికార్డు ఒకటి తేవాలన్నది ఆలోచన. భయం కూడా చిన్నదేం కాదు. తగాదా వస్తే దగ్గర్లోని సివిల్ కోర్టుకు పోయే దారి మూసుకుపోయి, ముందు అధికారుల దగ్గరికి, ఆ తర్వాత హైకోర్టుకు పోవాలి, అనంతపురం రైతుకు హైకోర్టంటే అమరావతి.

మరి ఈ చట్టం మీద జనం అభిప్రాయం చెప్పారా? ఓటు వేశారు కదా అనొచ్చు. కానీ ఆ ఓటు ఒక్క బటన్. పింఛన్లు, రోడ్లు, సాగునీళ్లు, ముఖ్యమంత్రి ఎవరు, ఎమ్మెల్యే మనవాడా కాదా అన్నీ ఆ ఒక్క బటన్‌లోనే కలిసిపోయాయి. ప్రభుత్వం నచ్చి చట్టం నచ్చనివాళ్లు, చట్టం నచ్చి ప్రభుత్వం నచ్చనివాళ్లు ఆ మాట విడిగా చెప్పుకునే మార్గమే లేదు. నేరుగా జనాన్నే అడిగితే పోలేదా అన్న ప్రశ్న ఇక్కడి నుంచే పుడుతుంది.

ఆపడం వేరు, చేయడం వేరు

ఈ విషయం మాట్లాడేటప్పుడు ఎవరైనా ముందు చూపించేది స్విట్జర్లాండ్‌నే. అక్కడ రెండు పద్ధతులున్నాయి, రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళం వస్తోంది. మొదటిది 1874 నుంచి ఉంది. పార్లమెంటు ఒక చట్టం చేశాక 100 రోజుల్లో 50,000 మంది సంతకాలు పెడితే ఆ చట్టం అమల్లోకి పోకుండా ఆగుతుంది, దేశమంతా ఓటింగ్ పెట్టాల్సిందే, అందులో ఓడిపోతే చట్టం పోయినట్టే. రెండోది 1891 నుంచి ఉంది. 18 నెలల్లో లక్ష సంతకాలు తెస్తే జనమే రాజ్యాంగ సవరణను ప్రతిపాదించొచ్చు.

ఈ లెక్కను మన రాష్ట్రానికి తెచ్చి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. స్విట్జర్లాండ్‌లో ఓటర్లు సుమారు 55 లక్షల మంది, అంటే చట్టాన్ని ఆపడానికి కావాల్సిన సంతకాలు నూటికి ఒకటి కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్లు 4 కోట్లు దాటారు. అదే నిష్పత్తిలో చూస్తే మూడున్నర లక్షల నుంచి నాలుగు లక్షల సంతకాలు చాలు. సగటున ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో 2 లక్షల 30 వేలకు పైగా ఓటర్లున్నారు కాబట్టి ఇది ఒకటిన్నర నియోజకవర్గంలో ఉండే ఓటర్లంత. 100 రోజుల్లో సీమ జిల్లాలే ఆ పని చేయగలవు. ల్యాండ్ టైట్లింగ్ చట్టానికి ఈ పద్ధతి వర్తించి ఉంటే 2022లోనే, ఏ పార్టీకి ఓటు అనే గొడవ లేకుండా, భూమి హక్కు గురించి మాత్రమే ఓటింగ్ జరిగేది. చట్టం నెగ్గేదో ఓడేదో వేరే సంగతి. నెగ్గి ఉంటే మాత్రం ప్రభుత్వం మారినంత మాత్రాన ఇంత తేలిగ్గా రద్దయ్యేది కాదు.

జనం చేతికి ఇస్తే అన్నీ ఉచితంగా కావాలంటారు అన్న భయం చాలామందికి ఉంది. స్విట్జర్లాండ్ అనుభవం దీనికి వేరుగా ఉంది. ఏడాదికి ఆరు వారాల సెలవు తప్పనిసరి చేద్దామా అని 2012లో అడిగితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. పని చేసినా చేయకపోయినా అందరికీ నెలనెలా డబ్బు ఇద్దామా అని 2016లో అడిగితే 77 శాతం వద్దన్నారు. అలాగని ఎప్పుడూ వద్దనే అన్నారనీ కాదు, 2024 మార్చిలో వృద్ధులకు పదమూడో నెల పింఛన్ కావాలని 58 శాతం ఓటేశారు. మొత్తం మీద జనం తెచ్చిన ప్రతిపాదనల్లో నెగ్గేది పదింటికి ఒకటి. మిగతావి ఊరికే పోయాయనుకోవడానికీ లేదు, ప్రతిపాదన ఓటింగ్‌కు వచ్చేలోపు పార్లమెంటు దానికి పోటీగా కొంచెం మెత్తటి ప్రతిపాదన పెట్టొచ్చు, చాలాసార్లు అసలు పని అక్కడే జరుగుతుంది.

ఫిన్లాండ్ మధ్యేమార్గం పట్టింది. 2012 నుంచి అక్కడ ఆరు నెలల్లో 50,000 సంతకాలు వస్తే ఆ బిల్లును పార్లమెంటు చర్చకు తీసుకోవాలి, కానీ ఒప్పుకోవాలనే నియమం లేదు. సమలింగ వివాహ చట్టం ఆ దారిలోనే వచ్చి 2017లో అమలైంది.

ప్రశ్న రాసేది ఎవరు, డబ్బు పెట్టేది ఎవరు

కాలిఫోర్నియాలో 1911 నుంచి జనానికి నేరుగా చట్టం చేసే అధికారం ఉంది. అక్కడ ఏం జరిగిందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే లాభమూ నష్టమూ రెండూ అక్కడే బాగా కనిపిస్తాయి.

1978లో ప్రతిపాదన 13 వచ్చింది. ఆస్తి విలువలో ఒక్క శాతానికి మించి ఇంటి పన్ను ఉండకూడదు, పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడే మళ్లీ కొత్త విలువ కట్టాలి. ఇళ్ల ధరలు ఎగబాకి పన్ను కట్టలేక అవస్థ పడుతున్న ముసలివాళ్లకు అది నిజంగానే ఊపిరి పోసింది. కానీ దాని తర్వాతి లెక్క వేరే. కర్నూలులో పక్కపక్కన ఒకే కొలతల ఇళ్లు రెండున్నాయి అనుకుందాం. ఒకరు నలభై ఏళ్ల కింద కొన్నారు, ఇంకొకరు నిరుడు కొన్నారు. ఇద్దరికీ అదే రోడ్డు, అదే కొళాయి, కానీ కొత్తగా కొన్నవాళ్లు పాతవాళ్ల కంటే పది రెట్లు పన్ను కట్టాల్సి రావొచ్చు. కాలిఫోర్నియాలో ఇలాంటి పక్కిళ్లు మామూలే. ఊళ్లకు వచ్చే ఆస్తి పన్ను సగానికి పైగా పడిపోయి బడులు రాష్ట్ర ఖజానా వైపు చూడాల్సి వచ్చింది. పైగా పన్ను పెంచాలంటే శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలన్న షరతు కూడా ఆ ప్రతిపాదనలోనే ఉంది.

మన దగ్గర దీనికి దగ్గరి పోలిక చెత్త పన్ను. 2021లో కర్నూలు, కడప, అనంతపురం లాంటి పట్టణాల్లో ఇంటింటికీ నెలనెలా వసూలు మొదలైంది, జనం గట్టిగా వ్యతిరేకించారు, 2024లో రద్దు చేశారు. దీన్ని ఓటింగ్‌కు పెడితే ప్రశ్న ఎలా రాస్తారన్న దాన్ని బట్టే ఫలితం ఉంటుంది. చెత్త పన్ను ఉండాలా వద్దా అని రాస్తే వద్దు అనే జవాబు ముందే తెలిసిపోతుంది. రోజూ బండి రావాలా, వస్తే ఖర్చు ఇంటి పన్నులో కలపాలా, విడిగా కట్టాలా, షాపుల నుంచి ఎక్కువ తీసుకోవాలా అని రాస్తే జవాబు వేరుగా ఉండొచ్చు. జనానికి తెలివి లేక కాదు, అడిగిన ప్రశ్నకే కదా ఎవరైనా జవాబు చెప్పేది.

ఇక డబ్బు. 2020లో అదే కాలిఫోర్నియాలో ప్రతిపాదన 22 వచ్చింది. యాప్ ట్యాక్సీలు నడిపేవాళ్లను, డెలివరీ కుర్రాళ్లను ఉద్యోగులుగా కాకుండా సొంతంగా పనిచేసుకునేవాళ్లుగా లెక్కించాలన్నది దాని సారం. దాన్ని తెచ్చింది ఆ కంపెనీలే, ప్రచారానికి 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి, నెగ్గించుకున్నాయి. అక్కడ సంతకాల సేకరణే ఒక వ్యాపారం, సంతకానికి ఇంత అని కూలి ఇచ్చి మనుషులను పెడతారు. ఓటుకు నోటు అలవాటైన చోట సంతకానికీ రేటు కడతారన్నది ఊహించడానికి కష్టమేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో ప్రతి సంతకాన్నీ ఆ ఊరి స్థానిక సంస్థ ఓటర్ల జాబితాతో సరిచూస్తుంది. అయినా నకిలీ సంతకాల గొడవ అక్కడా తప్పలేదు.

రాజ్యాంగంలో ఎందుకు లేదు

మన రాజ్యాంగంలో ప్రజాభిప్రాయ ఓటింగ్ ద్వారా చట్టం చేసే ఏర్పాటే లేదు. స్వతంత్రం వచ్చాక అలాంటి ఓటింగ్‌లు అసలు జరగలేదని కాదు, 1948లో జునాగఢ్, 1967లో గోవా, 1975లో సిక్కిం ఓటు వేశాయి. అవన్నీ ఒక ప్రాంతం ఎటు ఉండాలి అన్నదాని మీద జరిగినవి, చట్టాల మీద కాదు. ఒక్కసారి మాత్రం దగ్గరదాకా వచ్చింది. ఎమర్జెన్సీ అనుభవంతో 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన సవరణ బిల్లులో, రాజ్యాంగం మూల లక్షణాలను మార్చాలంటే జనం ఓటు తప్పనిసరి అని రాశారు. లోక్‌సభ ఒప్పుకుంది, రాజ్యసభ ఆ భాగాన్ని తీసేసింది. ఆ బిల్లు మిగతా భాగాలే 44వ సవరణగా మిగిలాయి.

మనం ఎన్నుకున్న ప్రతినిధికైనా చట్టం ప్రతిపాదించే బలం ఉందా అంటే అదీ అంతంతే. మంత్రి కాని ఎంపీ పెట్టిన బిల్లుల్లో ఇప్పటిదాకా పార్లమెంటు ఆమోదం పొందినవి 14 మాత్రమే, చివరిది 1970లో. 1985 ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ జారీ అయితే పార్టీ చెప్పినట్టు ఓటు వేయాలి, లేకపోతే పదవే పోవచ్చు. అంటే కడప ఎమ్మెల్యేకైనా ఆదోని ఎమ్మెల్యేకైనా తన ఊరి జనం వద్దంటున్న బిల్లును సభలో వద్దనడం దాదాపు అసాధ్యం. నేరుగా జనాన్ని అడగాలన్న కోరిక బలపడటానికి ఇదే పెద్ద కారణం. మామూలుగా మాట్లాడేటప్పుడు దీన్ని జనం గుర్తించడం తక్కువ.

పద్ధతి లేకుండానే వచ్చిన చట్టం

తెలుగు నేల మీద జనం చట్టం చేయించుకున్న సందర్భం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఉద్యమం సీమ జిల్లాలతో సహా రాష్ట్రమంతా పాకింది, సారా వేలం పాటలను ఆడవాళ్లే అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి, 1997లో, ఖజానా కారణంగా ఆ నిషేధాన్ని సడలించారు.

ఇక్కడ తేడా గమనించాలి. ఉద్యమం ఒత్తిడి తేగలిగింది, చట్టం తెప్పించగలిగింది, కానీ దాన్ని తీసేసేటప్పుడు ఆ ఆడవాళ్లను మళ్లీ అడగాలన్న నియమం లేదు. జనం ఓటుతో వచ్చిన చట్టాన్ని జనం ఓటు లేకుండా తీయకూడదని కాలిఫోర్నియాలో ఉన్నట్టు ఇక్కడా ఉండి ఉంటే, 1997లో ప్రభుత్వం ఖజానా లెక్కలన్నీ జనం ముందు పెట్టి ఒప్పించాల్సి వచ్చేది. నిషేధం కొనసాగడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ.

గ్రామసభ: సంతకం ఉంది, బలం లేదు

నేరుగా జనమే తేల్చే చోటు మన దగ్గర ఒకటి ఇప్పటికే ఉంది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, ఊళ్లో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. అయితే ఆర్టికల్ 243ఎ ప్రకారం గ్రామసభకు ఉండే అధికారాలు రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇచ్చినన్నే. ఇక్కడి తీర్మానం చాలావరకు కోరిక స్థాయి దాటదు.

సభ జరిగే తీరు కూడా చూడాలి. చాలా పల్లెల్లో ముందురోజు చాటింపు వేస్తారు, రచ్చకట్ట దగ్గర షామియానా, నాలుగు కుర్చీలు, మిగతావాళ్లు నిలబడే. పొదుపు సంఘాల ఆడవాళ్లు యానిమేటర్ పిలిచింది కాబట్టి వచ్చి ఒక పక్కన కూర్చుంటారు. పంచాయతీ కార్యదర్శి చదివింది మైకు ఉంటే వినిపిస్తుంది. చివర్లో రిజిస్టర్ చేతులు మారుతుంది, సంతకాలు, వేలిముద్రలు పడతాయి, పైన తీర్మానం రాసే జాగా అప్పటికి ఖాళీగానే ఉంటుంది. ఏం రాసినారన్నా అని ఎవరైనా అడిగితే, మాట్లాడుకున్నదే రాస్తాంలే అని జవాబు. రాసేది ముందు, సంతకం తర్వాత అన్న చిన్న మార్పు చాలా పెద్ద తేడా తెస్తుంది.

ఇదే సభ ఇంకో సందర్భంలో గట్టిగా పనిచేసింది. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదటగా 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. దాంతో పాటు వచ్చిన సామాజిక తనిఖీలో మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో ఉన్న పేర్లు, పని రోజులు, కూలి మొత్తం జనం ముందు గట్టిగా చదువుతారు. ఫలానా ఆమెకు ఫలానా వారం ఇంత కూలి అని చదవగానే, నేను ఆ వారం పనికే పోలేదే అని ఆమే లేచి చెబుతుంది. అక్కడ చదువుతో పనిలేదు, తనకు తెలిసిన నిజం గురించే అడుగుతున్నారు కాబట్టి. పైగా ఆ మాటకు చట్టం వెనకాల ఉంది. నియమగిరి కథ కూడా ఇలాంటిదే. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి, గని ఆగిపోయింది. అటవీ హక్కుల చట్టం ఆ సభల మాటకు బలం ఇచ్చింది. గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు ఎక్కువ అధికారాలిచ్చే 1996 చట్టం మాత్రం మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు వర్తించదు, ఇవి ఐదో షెడ్యూల్లో లేవు.

సీమకు ఇంకో సమస్య ఉంది, దాన్ని దాటేసి రాస్తే వ్యాసం అబద్ధమవుతుంది. స్విట్జర్లాండ్‌లో గ్లారుస్ అనే చోట జనమంతా మైదానంలో చేరి అందరి ముందూ చేతులెత్తి చట్టాలు చేస్తారు. ముఠా కక్షలు చూసిన పల్లెల్లో అందరి ముందు చెయ్యెత్తడం అంటే ఏ వర్గమో చెప్పుకోవడమే. భూమి ఇచ్చేవాళ్లు, అప్పు ఇచ్చేవాళ్లు ఎదురుగా కుర్చీలో ఉంటే కౌలు రైతు చెయ్యి ఎటు లేస్తుంది? దళితవాడ నుంచి వచ్చినవాళ్లు నిలబడే చోటే వేరుగా ఉన్న ఊళ్లలో వాళ్ల మాట రిజిస్టర్‌లోకి ఎంత ఎక్కుతుంది? రాజ్యాంగ సభలో 1948 నవంబర్‌లో అంబేద్కర్ ఊరిని ఆదర్శంగా చూపే వాదనను గట్టిగా ఖండించడానికి కారణం ఇదే. కాబట్టి ఊరి స్థాయి నిర్ణయాలకు కూడా రహస్య బ్యాలెట్ పెట్టడం తప్పనిసరి, సంతకాల సేకరణ కూడా రచ్చకట్ట మీద కాకుండా ఎవరికి వారు ఇచ్చే పద్ధతిలో ఉండాలి.

ఎక్కువమంది తక్కువమంది మీద ఓటు వేసే ప్రమాదం స్విట్జర్లాండ్‌కూ తెలుసు. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా అని 1959లో మగవాళ్లను అడిగితే వద్దన్నారు, 1971లో గానీ ఒప్పుకోలేదు. 2009లో 57.5 శాతం ఓట్లతో మసీదులకు మినార్లు కట్టకూడదని రాజ్యాంగంలో రాశారు. మన దగ్గర ప్రాథమిక హక్కులు, రాజ్యాంగం మూల లక్షణాలను మార్చకూడదన్న 1973 కేశవానంద భారతి తీర్పు ఇలాంటివాటికి కొంత అడ్డుకట్ట వేస్తాయి. జనం చేసిన చట్టమైనా కోర్టు పరిశీలనకు లోబడే ఉండాలన్నది ఇక్కడ వదులుకోకూడని షరతు.

175లో 52

రాష్ట్రమంతా ఒకే ఓటింగ్ అంటే సీమ పరిస్థితి ఏంటి? అసెంబ్లీలో 175 స్థానాలుంటే పాత నాలుగు జిల్లాల సీమవి 52, అంటే నూటికి ముప్పై కూడా లేవు. కృష్ణా నీళ్లు ఎవరికి ముందు, హైకోర్టు ఎక్కడ అన్న ప్రశ్నల మీద మామూలు మెజారిటీతో ఓటింగ్ పెడితే, సీమ మొత్తం ఒక్కటై ఓటేసినా ఓడిపోవచ్చు. అప్పుడు ఇప్పుడున్న దానికంటే నష్టం ఎక్కువ, ఎందుకంటే ప్రభుత్వం కాదంటే మళ్లీ అడగొచ్చు, రాష్ట్ర ప్రజలే కాదన్నారంటే అడగడానికి నోరు రాదు.

దీనికి మందు స్విట్జర్లాండ్ రాజ్యాంగంలోనే ఉంది. రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే దేశం మొత్తంలో ఎక్కువ ఓట్లు రావడం ఒక్కటే చాలదు, ఎక్కువ రాష్ట్రాల్లో కూడా నెగ్గాలి. చిన్న కొండ ప్రాంతాలను పెద్ద పట్టణాలు తొక్కేయకుండా పెట్టుకున్న నియమం అది. ఇది మనకు కొత్త ఆలోచన కూడా కాదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందంలో సీమ నాయకులు అడిగిన వాటిలో రాజధాని లేదా హైకోర్టు, సాగునీటిలో ముందు హక్కుతో పాటు శాసనసభ స్థానాలు జిల్లాల వారీగా సమానంగా ఉండాలన్నదీ ఉంది. జనాభా లెక్కలోనే పోతే ఓడిపోతామని వాళ్లకు అప్పుడే తెలుసు. ఆ ఒప్పందం నాయకుల మధ్యే ఉండిపోయింది, జనం ఓటుకు ఎప్పుడూ రాలేదు. 1953 అక్టోబర్ 1న రాజధాని అయిన కర్నూలు 1956 నవంబర్ 1న ఆ హోదా పోగొట్టుకున్నప్పుడు కూడా అంతే.

ఇంటికి వచ్చే పుస్తకం

స్విట్జర్లాండ్‌లో ఓటింగ్‌కు మూడు నాలుగు వారాల ముందు ప్రతి ఓటరు ఇంటికీ చిన్న పుస్తకం వస్తుంది. అందులో చట్టం పాఠం, అది ఏం మారుస్తుందో మామూలు మాటల్లో వివరణ, కావాలన్నవాళ్ల వాదన, ప్రభుత్వం వాదన ఉంటాయి, దేశంలోని నాలుగు భాషల్లోనూ వేస్తారు. ఐర్లాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. గర్భస్రావం లాంటి చిక్కు విషయం మీద లాటరీ లాంటి పద్ధతిలో 99 మంది మామూలు పౌరులను ఎంచి, నెలల తరబడి డాక్టర్లనూ లాయర్లనూ వాళ్ల ముందు కూర్చోబెట్టి వినిపించి, వాళ్ల సిఫార్సు వచ్చాకే 2018లో దేశాన్ని ఓటు అడిగింది.

మన దగ్గర ఆర్టికల్ 348 ప్రకారం చట్టానికి ఇంగ్లిష్ పాఠమే ప్రామాణికం. 2011 లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, అందులో ఇంగ్లిష్ చట్టం చదివి అర్థం చేసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? ల్యాండ్ టైట్లింగ్ గొడవలో జనానికి అందింది పార్టీల ప్రసంగాలు, వాట్సాప్ వీడియోలు. ఫలానా సెక్షన్‌లో ఏముందో తెలుగులో, రెండు వైపుల వాదనలతో కలిపి రైతు చేతిలో పెట్టే ఏర్పాటు మన పద్ధతిలో లేదు. దీనికి రాజ్యాంగం మార్చాల్సిన పని లేదు, కొత్త ఉద్యోగులూ అక్కర్లేదు. నెలనెలా ఇంటికి పింఛన్ డబ్బు తెచ్చిచ్చే సచివాలయం ఉద్యోగి ఆ పుస్తకాన్నీ తెచ్చివ్వగలరు, చదవలేనివాళ్లకు గడపలో కూర్చుని చదివి వినిపించగలరు.